స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్న మూడు వారాలు

పవర్ బటన్ నొక్కి, వెళ్లి మొహం కడుక్కుని, జడ వేసుకుని వచ్చినా నా ల్యాప్‌టాప్ తయారుగా ఉండేది కాదు. డెస్క్‌టాప్ కనబడేది గానీ అది ఉత్తి బొమ్మే. ఏ ఐకాన్ మీద నొక్కినా నీలం వలయం గిర్రున తిరుగుతూ ఉండేది. నొక్కింది అందలేదేమోనని ఇంకో రెండుసార్లు నొక్కేదాన్ని. తీరా తెరుచుకున్నప్పుడు మూడు వర్డ్ విండోలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడేవి.

నాది అనువాదం పని. వర్డ్‌లో ఒక ఫైలు, బ్రౌజర్‌లో పది పన్నెండు ట్యాబులు, పక్కన ఒక పీడీఎఫ్. రోజంతా అంతే. ఆటలు ఆడను, వీడియోలు ఎడిట్ చేయను. ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఈ మాత్రం పనికి ఇది చాలదా అని నా కోపం. ఎందుకు చాలడం లేదో మాత్రం వెతకలేదు. రోగం ఏమిటో చూడకుండానే మందులు మొదలుపెట్టేశాను.

ఒక శనివారం రాత్రి కూర్చుని, అక్కడా ఇక్కడా చదివినవీ, వీడియోల్లో చూసినవీ చిట్కాలన్నీ ఒకేసారి చేసేశాను. విండోస్ ఎలా మొదలవ్వాలో మార్చే ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ (అంటే సిస్టమ్ మొదలవడం) ట్యాబులో ప్రాసెసర్ల సంఖ్య దగ్గర టిక్కు పెట్టి 4 ఎంచుకున్నాను. పేజింగ్ ఫైల్ తీసేశాను, 8 జీబీ ర్యామ్ ఉండగా డిస్క్‌ని ర్యామ్‌లా వాడుకోవడం దేనికని. విజువల్ ఎఫెక్ట్స్‌లో ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’ నొక్కాను. విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తానన్న రిజిస్ట్రీ క్లీనర్ ఒకటి దింపుకుని నడిపితే అది ఎర్ర అక్షరాల్లో 1,843 తప్పులు చూపించింది. అన్ని తప్పులతో ఇన్నాళ్లూ ఎలా నడిచిందా అని నేనే ఆశ్చర్యపోయి, అన్నీ సరిచేయమన్నాను. ర్యామ్ ఖాళీ చేసే బుల్లి ప్రోగ్రామ్ ఇంకొకటి పెట్టాను. చివరగా, తెర వెనక నడిచే ప్రోగ్రాముల, అంటే సర్వీసుల, జాబితా తెరిచి, పేరు చూస్తే నాకు అక్కర్లేదనిపించిన ఇరవైకి పైగా సర్వీసుల్ని డిసేబుల్ చేశాను. ‘టచ్ కీబోర్డ్ అండ్ హ్యాండ్‌రైటింగ్ ప్యానెల్ సర్వీస్’ అని ఒకటుంది. నాది టచ్ స్క్రీనే కాదు కదా, తీసేయ్. ‘ప్రింట్ స్పూలర్’, నెలకోసారి కూడా ప్రింట్ తీయను, తీసేయ్. ‘సిస్‌మెయిన్’, పేరే అర్థం కాలేదు, తీసేయ్.

రాత్రి పన్నెండున్నరకి రీస్టార్ట్ చేస్తే బాగా ఫాస్ట్ అయినట్టే అనిపించింది. ‘అనిపించింది’ అంటున్నాను, ఎందుకంటే నా దగ్గర కొలత ఏమీ లేదు. అంత కష్టపడ్డాక అలా అనిపించకపోతే ఎలా?

ఆదివారం పొద్దున్నే బండారం బయటపడింది. ముందు కంటికి తెలిసింది అక్షరాలు. ఫైళ్ల పేర్లు, మెనూలు, నోట్‌ప్యాడ్ అన్నిట్లోనూ తెలుగు అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా విరిగిపోయి ఉన్నాయి. ఇంగ్లిష్ ఫరవాలేదు, నిలువు గీతలూ అడ్డగీతలూ ఎక్కువ కాబట్టి సర్దుకుపోయింది. మన లిపి అంతా గుండ్రాలే. ‘థ’ కడుపులో ఉండే చుక్క, పక్క గీతకి అంటుకుపోయి ఒక మచ్చలా కనబడుతోంది. ‘ధ’ కింద ఉండే చిన్న గీత ఒకచోట ఉంది, ఒకచోట లేదు. ‘కథ’ అనే పేరున్న ఫోల్డర్‌ని ‘కధ’ అని చదువుకుని, ఇంత తప్పు నేనెప్పుడు రాశానా అని కంగారుపడ్డాను. కారణం ఏమిటంటే, ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’ నొక్కితే యానిమేషన్లతోపాటు అక్షరాల అంచులు నున్నగా చూపించే టిక్కు కూడా పోతుంది. ఆ ఒక్క టిక్కు తిరిగి పెట్టుకుంటే సరిపోతుందని తర్వాత తెలిసింది. ఆ పూటకి మాత్రం కళ్లు చికిలించుకుంటూ పని చేశాను.

తర్వాత స్టార్ట్ మెనూలో ఏదో వెతుకుదామని టైప్ చేస్తే అక్షరం పడలేదు. వర్డ్‌లో పడుతోంది, ఇక్కడ పడదు. నేను పనికిమాలినదని తీసేసిన ఆ టచ్ కీబోర్డ్ సర్వీసు టైపింగ్ ఏర్పాట్లలో కొన్నిటిని కూడా చూసుకుంటుందట. పేరు చూసి మోసపోయాను. వర్డ్‌లో నేను రోజూ వాడే నిఘంటువు బటన్ మాయమైంది. అది రిజిస్ట్రీ క్లీనర్ చలవ. ఆ 1,843 ‘తప్పుల్లో’ అదొకటన్నమాట.

అసలు దెబ్బ మధ్యాహ్నం తగిలింది. పదకొండో ట్యాబు తెరవగానే బ్రౌజర్ మూసుకుపోయింది, దాని వెనకే మెమరీ చాలదంటూ వర్డ్ కూడా. ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుతోందో చూపించే టాస్క్ మేనేజర్ చూస్తే ఇంకా ఒకటిన్నర జీబీ ర్యామ్ మిగిలే ఉంది! మిగిలి ఉండగా చాలకపోవడం ఏమిటి? దీని సంగతి అర్థం చేసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ప్రోగ్రాములు ముందుజాగ్రత్తగా వాడబోయే దానికన్నా ఎక్కువ మెమరీ అడిగి పెట్టుకుంటాయి. విండోస్ ఆ అడిగినదానికి మాట ఇస్తుంది. ఇచ్చిన మాటల మొత్తం, ర్యామ్‌కి పేజింగ్ ఫైల్ కలిపినంత దాటకూడదు. పేజింగ్ ఫైల్ తీసేస్తే ఆ హద్దు ఒక్క ర్యామ్ దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ర్యామ్‌లో జాగా ఉన్నా ఇవ్వడానికి మాట మిగలదు. హోటల్లో గదులు ఖాళీగానే కనబడుతున్నా అన్నీ బుక్ అయిపోయినట్టు. అరగంట అనువాదం పోయింది. వర్డ్ తనంతట తాను దాచుకునే ఆటోరికవరీ కాస్త కాపాడింది, లేకపోతే రెండు గంటలది పోయేది.

మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు కంప్యూటర్ల పనిలోనే ఉంటాడు. అందుకే వాడిని అడగకుండా నేనే చేసుకుందామనుకున్నాను, అది వేరే సంగతి.

“అక్కా, ముందు ఎంత టైమ్ పట్టేది?” అన్నాడు అంతా విని.

“చాలా.”

“చాలా అంటే?”

“చాలా అంటే చాలారా. ఐదు నిమిషాలు, పది నిమిషాలు...”

“ఐదా, పదా? సగం తేడా ఉంది అందులో. సరే, ఇప్పుడెంత?”

నా దగ్గర జవాబు లేదు. వాడు నవ్వలేదు గానీ నవ్వు ఆపుకోవడం వినబడింది. మార్పులకి ముందున్న స్థితికి తిరిగి వెళ్లడానికి రీస్టోర్ పాయింట్ పెట్టావా అన్నాడు. పెట్టలేదు. సరే, పాతదేదైనా ఉంటుంది చూడమన్నాడు. చూస్తే సీ డ్రైవ్‌కి ఆ పాయింట్లు దాచే సిస్టమ్ ప్రొటెక్షనే ఆఫ్‌లో ఉంది. ఎప్పట్నుంచి అలా ఉందో తెలీదు, నేనెప్పుడూ చూడలేదు. వెనక్కి వెళ్లే దారి లేదు.

అలా మూడు సాయంత్రాలు పోయాయి. ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని, వాడు తన మెషీన్‌లో సర్వీసుల జాబితా తెరిచి పైనుంచి చదవడం, నేను నాది సరిచూసుకోవడం. రెండు వందలకు పైగా ఉన్నాయి. “ప్రింట్ స్పూలర్, ఆటోమేటిక్.” “నాది డిసేబుల్డ్. మార్చా.” “విండోస్ సెర్చ్, ఆటోమేటిక్, డిలేడ్ స్టార్ట్.” “డిలేడా? అదెక్కడుంది... ఆ, దొరికింది.” ఒక దశలో ఇద్దరం ఎక్కాలు ఒప్పజెప్పుకునే పిల్లల్లా అయిపోయాం. రిజిస్ట్రీ క్లీనర్ తను తీసేసినవాటికి బ్యాకప్ దాచుకుంది కాబట్టి దాన్ని తిరిగి వెయ్యగలిగాను, నిఘంటువు బటన్ వచ్చింది. తర్వాత దాన్నీ, ర్యామ్ క్లీనర్‌నీ తీసేశాను. పేజింగ్ ఫైల్‌ని సిస్టమ్ ఇష్టానికే వదిలేశాను. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల టిక్కు కూడా తీసేశాను. ఆ టిక్కు ఉన్నది ప్రాసెసర్లను తగ్గించి పరీక్ష చేసుకోవడానికట. టిక్కు లేకపోతే విండోస్ ఎలాగూ అన్నీ వాడుకుంటుంది. నేను 4 పెట్టాను కాబట్టి బతికిపోయాను, ఏ 2 పెట్టి ఉంటేనో సగం ప్రాసెసర్‌ని నా చేత్తో నేనే కట్టేసేదాన్ని.

ఇక అప్పుడు మొదలైంది అసలు పని. వాడు పెట్టిన షరతులు రెండే. ఒకసారికి ఒకటే మార్చాలి. మార్చిన ప్రతిసారీ మూడుసార్లు కొలిచి, సగటు రాయాలి. పాత రూళ్ల నోట్‌బుక్ ఒకటి తీశాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్. స్క్రీన్ నల్లబడి మళ్లీ లోగో వెలిగిన క్షణం మొదలు. పాస్‌వర్డ్ కొట్టి, వర్డ్ తెరిచి, ‘అ’ నొక్కితే ఆ ‘అ’ కాగితం మీద కనబడిన క్షణం చివర. డెస్క్‌టాప్ కనబడటాన్ని చివరగా తీసుకుంటే మనల్ని మనం మోసం చేసుకోవడమే.

మొదటి కొలత 4 నిమిషాల 20 సెకన్లు. పది నిమిషాలు కాదు, కనీసం ఐదు కూడా కాదు. నాకు కొంచెం సిగ్గేసింది.

కొలత షట్‌డౌన్ చేసి కాకుండా రీస్టార్ట్ చేసే తీసుకోవాలని తమ్ముడు గట్టిగా చెప్పాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబు, సీపీయూ దగ్గర ‘అప్ టైమ్’ అని ఉంటుంది, ముందు రోజు షట్‌డౌన్ చేసి ఆన్ చేశాక అది చూడమన్నాడు. నేను రోజూ రాత్రి షట్‌డౌన్ చేసేదాన్నే. అంటే అక్కడ ఏ రెండు గంటలో ఉండాలి. రెండు రోజుల పైనే చూపిస్తోంది, సరిగ్గా మా చివరి రీస్టార్ట్ నుంచి లెక్క! విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే మన ప్రోగ్రాములు మూసుకుంటాయి గానీ, లోపలి కెర్నల్ (విండోస్ గుండెకాయ), డ్రైవర్లు (పరికరాల్ని నడిపేవి) ఉన్నవి ఉన్నట్టుగా డిస్క్ మీదికి దాచుకుంటాయి. మర్నాడు ఆ దాచిందే లేపి కూర్చోబెడతారు. ఆన్ అవడం తొందరగా అవుతుంది నిజమే, కానీ లోపల ఏదైనా చిక్కు పడి ఉంటే అది కూడా అలాగే లేచి వస్తుంది. రీస్టార్ట్‌కి మాత్రం అంతా మొదటినుంచి మొదలవుతుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే తాజాగా మొదలైనట్టే అని ఇన్నేళ్లూ అనుకున్నాను. హార్డ్ డిస్క్ ఉన్నంతకాలం ఫాస్ట్ స్టార్టప్ ఉంచుకుని, వారానికోసారి రీస్టార్ట్ కొట్టడం నాకు కుదిరింది.

నా మటుకు నాకు అన్నిటికన్నా కళ్లు తెరిపించింది, విండోస్ లోపల జరిగేవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్. అది చూడ్డానికి భయంగా ఉంటుంది, ఎటు చూసినా పసుపు త్రికోణాలు, ఎర్ర గుండ్రాలు. వాటి జోలికి పోకుండా నేరుగా అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, అందులో మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నస్టిక్స్-పెర్ఫార్మెన్స్ అని లోపలికి దిగాలి. అక్కడ 100 నంబరు ఈవెంట్ అంటే ఒక బూట్ లెక్క. మిల్లీసెకన్లలో రాసి ఉంటుంది. నాది మొత్తం 2,43,000 చిల్లర. దాన్నే రెండు ముక్కలు చేసి చూపిస్తుంది. డెస్క్‌టాప్ వచ్చేదాకా పట్టింది 71 సెకన్లు. ఆ తర్వాత సిస్టమ్ సద్దుమణగడానికి పట్టింది 172 సెకన్లు. అంటే నేను తిట్టుకుంటున్న విండోస్ తన వంతు పని నిమిషం పదకొండు సెకన్లలో ముగించేస్తోంది. మిగతా మూడు నిమిషాలూ నేను పెట్టుకున్నవాళ్ల తతంగం.

వాళ్లెవరో టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబులో వరసగా కూర్చుని ఉన్నారు. పదిహేడు మంది. మీటింగ్ యాప్‌లు రెండు, క్లౌడ్‌లో ఫైళ్లు దాచేవి రెండు, పాటల యాప్ ఒకటి, ఏడాది కిందటే ఎవరికో ఇచ్చేసిన ప్రింటర్ తాలూకు సహాయకుడు ఒకడు, ల్యాప్‌టాప్‌తోపాటే వచ్చిన అప్‌డేటర్లు మూడు. పక్కన ‘స్టార్టప్ ఇంపాక్ట్’ అని ఉంటుంది. ఒక సెకనుకి మించి సీపీయూనో, 3 ఎంబీకి మించి డిస్క్‌నో వాడితే ‘హై’ అంటారు. నా పదిహేడులో తొమ్మిది ‘హై’. పన్నెండిటిని డిసేబుల్ చేశాను. ఇక్కడ డిసేబుల్ అంటే ఆ ప్రోగ్రామ్ పోదు, పిలవకుండా రాదు, అంతే. సర్వీసుల్లో చేసిన డిసేబుల్‌కీ దీనికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

4:20 కాస్తా 3:10 అయింది. ఒక్క దెబ్బకి 70 సెకన్లు. ఆ రోజు నోట్‌బుక్‌లో ఆ అంకె కింద రెండు గీతలు గీశాను.

తర్వాతది యాంటీవైరస్. విండోస్‌కి సొంత డిఫెండర్ ఉంది. దానికితోడు మెషీన్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ ఒకటి, గడువు తీరి రెండేళ్లయినా, ఇంకా లోపల తిరుగుతూనే ఉంది. ఇద్దరు కాపలావాళ్లు ఒకే ఫైలుని వరసగా తనిఖీ చేస్తున్నారు. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే దాని డ్రైవర్లు మిగిలిపోయాయి. తయారుచేసినవాళ్లే విడిగా ఇచ్చే తొలగింపు టూల్‌తో పూర్తిగా పోయింది. 2:35. పోయినదాని బదులు డిఫెండర్ ఒక్కటే ఉంచుకున్నాను. స్పీడు కోసం దాన్ని కూడా ఆపేయమనే చిట్కా చూశాను గానీ, ఇతరుల ఫైళ్లు పట్టుకుని పని చేసేదాన్ని, నాకు అంత ధైర్యం లేదు.

ఆ తర్వాత దొరికింది పూర్తిగా నా సొంత తెలివి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ స్పీడు ఎంత పనిలోనూ 1.5 గిగాహెర్ట్జ్ దాటడం లేదు. కిందనే బేస్ స్పీడు 2.5 అని రాసి ఉంది. వేడెక్కుతోందేమో, దుమ్ము పట్టిందేమో అని తమ్ముడూ నేనూ బోలెడు చర్చించాం. చివరికి పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిస్తే ‘మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్’ 60 శాతం! ఎప్పుడో వేసవిలో ఫ్యాన్ మోత భరించలేక నేనే తగ్గించాను. పెట్టడం గుర్తుంది, తీయడం గుర్తులేదు. 100 చేశాక 2:20 వచ్చింది. నిజానికి ఇంకా ఎక్కువ తగ్గుతుందనుకున్నాను. సీపీయూ అంత వేగం పుంజుకున్నా 15 సెకన్లే కలిసిరావడం చూశాకే, అడ్డం పడుతున్నది సీపీయూ కాదని అనుమానం మొదలైంది.

నా మొదటి రాత్రి చిట్కాల్ని కూడా ఇప్పుడు ఒక్కొక్కటిగా, పద్ధతిగా మళ్లీ ప్రయత్నించాను. సిస్‌మెయిన్ ఆపితే స్టాప్‌వాచ్‌లో తేడా సున్నా. పైగా బూట్ అయ్యాక విడిగా కొలిస్తే, వర్డ్ తెరుచుకోవడానికి ముందు 14 సెకన్లు పట్టేది, 19 అయింది. విస్టా రోజుల్లో, 2007లో ‘సూపర్‌ఫెచ్’ పేరుతో వచ్చింది ఇదే. మనం ఏ వేళకి ఏ ప్రోగ్రామ్ వాడతామో గమనించి, దాని సరుకు ముందే ర్యామ్‌లోకి తెచ్చి పెడుతుంది. దాన్ని ఆపితే లాభపడేదేముంది? తిరిగి ఆన్ చేశాను. ర్యామ్ క్లీనర్ సంగతీ అప్పుడే బోధపడింది. అది ఖాళీ చేస్తున్నది ఇలా ముందుగా తెచ్చిపెట్టుకున్న సరుకునే. ఎవరికైనా జాగా కావాలంటే విండోస్ దాన్ని క్షణంలో ఇచ్చేస్తుంది, మనం విడిగా ఊడ్చక్కర్లేదు. ఊడ్చాక మళ్లీ అదే సరుకు డిస్క్ నుంచి మోసుకురావాలి. ఖాళీ ర్యామ్ చూసి మురిసిపోవడం తప్ప అందులో ఏమీ లేదు.

విజువల్ ఎఫెక్ట్స్‌లో అక్షరాల టిక్కు, ఫొటోల థంబ్‌నెయిల్స్ టిక్కు ఉంచి మిగతావి తీసేస్తే 2:19. ఆ ఒక్క సెకను నా బొటనవేలి తేడా అయినా కావచ్చు. కానీ మెనూలు జారుకుంటూ రాకుండా ఠక్కున తెరుచుకోవడం చేతికి హాయిగా ఉంది, అలాగే ఉంచాను. వెతకడం కోసం ఫైళ్ల జాబితా ముందే తయారుచేసే సెర్చ్ ఇండెక్సింగ్‌ని నా పని ఫోల్డర్ వరకే పరిమితం చేస్తే బూట్‌లో తేడా రాలేదు, మధ్యాహ్నాలు వచ్చే ఆగిపోవడాలు కొంచెం తగ్గాయి.

వారం రోజులపాటు 2:20 దగ్గరే బండి ఆగిపోయింది. ఏం చేసినా కదలదు. సీపీయూ 12 శాతం, ర్యామ్ సగం, డిస్క్ మాత్రం 100. తమ్ముడు రిసోర్స్ మానిటర్ తెరవమన్నాడు. డిస్క్ ట్యాబులో ఏ ఫైలుకి ఎన్ని మిల్లీసెకన్లలో జవాబు వస్తోందో చూపిస్తుంది. కొన్ని 20, కొన్ని 40. మధ్యమధ్యలో ఒకటి 900. ఒకటి 2,400. ఒక చిన్న ఫైలు చదవడానికి రెండున్నర సెకన్లు!

హార్డ్ డిస్క్ నిదానం సంగతి లెక్క వేస్తే తెలుస్తుంది. నాది నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం. అంటే సెకనుకి 90 చుట్లు, చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే ఐదున్నర. సూది ఆ వరసకి జరగడానికి ఇంకో పది పైచిలుకు. వెరసి చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కల్ని సెకనుకి అరవై డెబ్భై కన్నా ఎక్కువ చదవలేదు. బూట్ అయ్యేటప్పుడు విండోస్‌కి అలాంటి ముక్కలు వేలకు వేలు కావాలి. పాపం సీపీయూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోక ఏం చేస్తుంది? అయితే ఆ లెక్క ప్రకారం చూసినా 20, 40 రావాలి గానీ 2,400 రాకూడదు.

“అక్కా, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి చూడు,” అన్నాడు. గొంతులో ఇంతకుముందున్న సరదా లేదు.

అది డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ లెక్కల్ని చదివి చూపిస్తుంది. నీలం రంగులో ‘గుడ్’ రావాలి. నాకు పసుపు రంగులో ‘కాషన్’ వచ్చింది. కింద ‘కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్’ దగ్గర సున్నా ఉండాల్సినచోట సున్నా లేదు. అంటే చదవడానికి మొండికేస్తున్న చోట్లు డిస్క్ మీద ఉన్నాయి, వాటిని ఏం చేయాలో డిస్క్ ఇంకా తేల్చుకోలేదు. అలాంటి చోటు తగిలినప్పుడల్లా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, వెనక క్యూ అంతా ఆగిపోతుంది. ఆ రెండున్నర సెకన్లు అవే. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్‌కి వెళ్లి చూస్తే ‘డిస్క్’ పేరుతో 7 నంబరు ఈవెంట్లు, బ్యాడ్ బ్లాక్ ఉందంటూ నాలుగు నెలలుగా వస్తూనే ఉన్నాయి. నేను చూడకూడదనుకున్న ఆ ఎర్ర గుండ్రాల్లో ఇవీ ఉన్నాయన్నమాట.

ఆ రాత్రి చిట్కాలూ లేవు, స్టాప్‌వాచూ లేదు. బయటి డ్రైవ్ తగిలించి, ముందు అనువాదాలు, తర్వాత ఫొటోలు, ఆ తర్వాత మిగతావి, ముఖ్యమైన వరసలో కాపీ చేస్తూ తెల్లవారుజాము మూడు దాకా కూర్చున్నాను. కాపీ గీత ఒకచోట ఆగి, నిలబడి, మళ్లీ కదిలినప్పుడల్లా ప్రాణం లేచి వచ్చినట్టుండేది. చచ్చిపోతున్న డిస్క్ మీద డిస్క్‌ని సరిచేసే చెక్‌డిస్క్ లాంటివి నడిపి ఇంకా పీడించవద్దని, ముందు సరుకు బయటికి తీయమని తమ్ముడు చెప్పిన మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషమే. మూడు పాత ఫైళ్లు మాత్రం రాలేదు.

రెండు రోజుల్లో ఎస్ఎస్‌డీ, అంటే పళ్లెం బదులు చిప్పుల్లో దాచుకునే డ్రైవ్, తెచ్చుకున్నాను, రెండున్నర అంగుళాల సాటా రకం. పాతదాని చోట్లో, పాతదాని కనెక్టర్‌లోనే పడుతుంది. ల్యాప్‌టాప్ బోర్లించి స్క్రూలు విప్పుతుంటే పొట్టివీ పొడుగువీ కలిసిపోతాయని, ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఏ చోటిదో ఆ చోటే గుచ్చి పెట్టాను. రెండు స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాక్కుని ఉన్నాయి, అవి తెలియక మూత లాగితే కిర్రుమంది. బ్యాటరీ తీగ విడదీసి, పాత డిస్క్ బయటికి లాగితే అరచేతిలో వెచ్చగా, బరువుగా ఉంది. కొత్తది దూదిలా తేలిక. లోపల తిరిగేది ఏమీ లేదు మరి.

పాతదాన్ని కాపీ కొట్టకుండా విండోస్‌ని కొత్తగా వేశాను. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ సరిపోయింది. యాక్టివేషన్ గురించి టెన్షన్ పడ్డాను గానీ, డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డ్‌ని గుర్తుపడుతుంది కాబట్టి నెట్ తగలగానే దానంతటదే అయిపోయింది. మెషీన్‌తో వచ్చిన అప్‌డేటర్లు, ట్రయల్స్ ఏవీ ఈసారి వెంట రాలేదు.

లోగో వెలిగింది. పాస్‌వర్డ్. వర్డ్. ‘అ’. 31 సెకన్లు. నమ్మలేక ఆరుసార్లు కొలిచాను. ఒకసారి 30, ఒకసారి 33, మిగతావన్నీ 31.

కుతూహలం కొద్దీ పాత చిట్కాలన్నీ దీనిమీద కూడా వేసి చూశాను, ఈసారి రీస్టోర్ పాయింట్ పెట్టుకునే లెండి. స్టార్టప్ యాప్‌లు నాలుగు సెకన్లు అటూ ఇటూ చేశాయి. మిగతా దేనికీ అంకె కదల్లేదు. ఫాస్ట్ స్టార్టప్ ఇక అక్కర్లేదని ఆపేశాను. డిఫ్రాగ్‌మెంట్ చేయాలా అంటే, ఎస్ఎస్‌డీకి విండోస్ మామూలుగా అది చేయదు, దాని బదులు ట్రిమ్ పంపుతుంది. ఏ చోట్లు ఖాళీ అయ్యాయో డ్రైవ్‌కి చెప్పడం అన్నమాట. ‘ఆప్టిమైజ్ డ్రైవ్స్’లో వారానికోసారి అని ముందే పెట్టి ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

ఇదంతా జరిగి కొంతకాలమైంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. నా ఏడో తరం ప్రాసెసర్ విండోస్ 11కి పనికొచ్చే ప్రాసెసర్ల జాబితాలో లేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ దాకా పొడిగించుకున్నాను. ఈలోగా ఎస్ఎస్‌డీలో కొంత జాగా విడదీసి విండోస్ బదులు వాడుకోగల లినక్స్ మింట్ వేసుకుని అలవాటు పడుతున్నాను. అందులో ‘సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్’ అని ఒక కమాండ్ ఉంది. బూట్‌లో ఏ సర్వీసు ఎన్ని సెకన్లు తిన్నదో పెద్దదానినుంచి చిన్నదానికి వరసగా చెబుతుంది. కొట్టి చూస్తే, నెట్‌వర్క్ వచ్చేదాకా కాచుకుని కూర్చునే సర్వీసు ఒకటి ఆరు సెకన్లతో అందరికన్నా పైన ఉంది. డిసేబుల్ చేసే కమాండ్ సగం టైప్ చేశాక గుర్తొచ్చి చెరిపేశాను. నోట్‌బుక్ పక్క గదిలో ఉంది, ఫోన్‌లో చార్జింగ్ లేదు. కొలత రేపు.